ఎవరికి అక్కర్లేనివి?

2023 ఫిబ్రవరిలో దోహాలో ఒక కాంట్రాక్టు కంపెనీ వాళ్ళు పిలిచి నాకొక పని అప్పజెప్పారు. వాళ్ళ పాత ఫైలు సర్వర్లో కోటీ ఎనభై నాలుగు లక్షల ఫైళ్ళున్నాయి. వాటిలో అక్కర్లేనివన్నీ తీసేసి, మిగిలినవి క్లౌడులోకి ఎక్కించాలి. క్లౌడంటే అద్దె కొంప. ఎంత సామాను పెడితే అంత అద్దె. కాబట్టి ఎంత ఎక్కువ పారేస్తే నేను అంత మంచి కన్సల్టెంటునన్నమాట!

ప్రపంచ కప్పు అయిపోయి అప్పటికి రెండు నెలలు. స్టేడియాలు, మెట్రో, రోడ్లు అన్నీ పూర్తయ్యాయి. పనివాళ్ళు జట్లు జట్లుగా ఇళ్ళకి వెళ్ళిపోతున్నారు. పెళ్ళి అయిపోయాక పందిరి విప్పుతున్న ఇల్లులా ఉండేది ఊరు. కంపెనీలన్నీ లెక్కలు చూసుకుని ఖర్చులు తగ్గించుకునే పనిలో పడ్డాయి. నన్ను పిలిచింది కూడా అందుకే.

మొదటి మీటింగులో నేనడిగింది ఒక్కటే. "అక్కర్లేనివి అంటే ఏవి?" అన్నాను. మేనేజరు నవ్వేసి, "కన్సల్టెంటువి నువ్వు, నువ్వే చెప్పు" అన్నాడు. (ఈ వృత్తిలో మనకిచ్చే డబ్బంతా ఇలాంటి జవాబులు మొయ్యడానికే లెండి.)

సరే అని మూడు సూత్రాలు రాసుకున్నాను. ఒకే ఫైలుకి నాలుగు కాపీలుంటే ఒకటి ఉంచి మూడు తీసెయ్యడం ఒకటి. విండోస్ తనకోసం తాను రాసుకుని వదిలేసిన తాత్కాలికపు చెత్త రెండోది. ఏడేళ్ళుగా ఎవరూ తెరవని ఫైళ్ళు మూడోది. మూడూ చాలా న్యాయంగా అనిపించాయి. ఆ మూడోది ఎంత పని చేసిందో తర్వాత చెబుతాను.

ముందు అసలు డిలీట్ అంటే ఏమిటో ఒకసారి చూద్దాం. మనలో చాలామందిమి 90ల్లో అమీర్‌పేటలోనో, ఊళ్ళో కంప్యూటరు ఇన్‌స్టిట్యూట్లోనో నల్లటి తెర ముందు కూర్చుని డెల్, స్టార్, డాట్, స్టార్ కొట్టినవాళ్ళమే. అది "ఆర్ యూ ష్యూర్" అని అడగ్గానే గుండె గుభేలుమని ఎన్ నొక్కినవాళ్ళమే. నిజానికి అంత భయపడక్కర్లేదు. డాస్‌లో ఫైలు తీసేస్తే డిస్కు మీద రాత ఎక్కడిదక్కడే ఉండేది. ఫైళ్ళ పట్టికలో దాని పేరులోని మొదటి అక్షరం మీద ఒక గుర్తు వేసి, ఆ చోటు ఖాళీ అని ఇంకో పట్టికలో రాసుకునేది, అంతే. ఈ కిటుకు పట్టుకునే పీటర్ నార్టన్ 1982లో పోయిన ఫైళ్ళు తెచ్చిపెట్టే ప్రోగ్రాము అమ్మి పేరు సంపాదించాడు. 1991లో మైక్రోసాఫ్టు వాళ్ళే డాస్ 5తో పాటు అన్‌డిలీట్ ఇచ్చారు. అది కొడితే "పేరులో మొదటి అక్షరం ఏమిటి?" అని మననే అడిగేది. చెరిపింది ఆ ఒక్క అక్షరమే కదా! మనం అది చెబితే, మధ్యలో ఎవరూ ఆ చోటు ఆక్రమించకపోతే, ఫైలు లేచి కూర్చునేది.

యూనిక్సులో ఇంకో తీరు. అక్కడ ఒకే ఫైలుకి ఎన్ని పేర్లయినా ఉండొచ్చు, మనకి బళ్ళో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు ఉన్నట్టు. ఆర్‌ఎమ్ కొడితే పోయేది ఒక పేరు మాత్రమే. ఆఖరి పేరు పోయి, దాన్ని తెరిచి పట్టుకున్న ప్రోగ్రాము కూడా వదిలేశాకే ఆ చోటు ఖాళీ అయినట్టు. చెత్తబుట్ట బొమ్మ తర్వాత వచ్చింది. ఆపిల్ వాళ్ళు 1983లో లీసాలో, 1984లో మెకింటాష్‌లో పెట్టారు. విండోస్ 95తో అది మనందరి బల్లల మీదికీ వచ్చింది. మనిషి తొందరపడతాడని కంప్యూటర్లు తయారుచేసినవాళ్ళకి మొదట్నించీ తెలుసు. నలభై ఏళ్ళుగా వాళ్ళు కట్టిన ఏర్పాట్లన్నీ మన మనసు మారడానికి కాస్త వ్యవధి ఇవ్వడానికే.

ఆ వ్యవధి ఇల్లు దాటితే ఉండదు. ఆఫీసు సర్వరు మీది ఫైలుని నెట్‌వర్కు మీద నించి తీసేస్తే అది మన చెత్తబుట్టలోకి రాదు, అటునించి అటే పోతుంది. పైగా ఇప్పటి స్టోరేజీ పెట్టెలు ఖాళీ అయిన చోటుని ఊరుకోనివ్వవు, వెంటనే వెనక్కి లాక్కుని ఇంకొకరికి ఇచ్చేస్తాయి. మొదటి అక్షరం చెప్పి వెనక్కి తెచ్చుకునే కాలం పోయింది.

ఇక లక్షల ఫైళ్ళు ఒక్కసారి తీసెయ్యడం మామూలుగా అయ్యే పని కాదు. మౌసుతో ఫోల్డరు పట్టుకుని డిలీట్ నొక్కితే విండోస్ ముందు వాటిని లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. మనం టీ తాగి, అన్నం తిని వచ్చినా లెక్కపెడుతూనే ఉంటుంది. ఒక్కొక్క చిన్న ఫైలుకీ పట్టికల్లో విడిగా కొట్టివేతలు రాసుకోవాలి మరి. అందుకని అనుభవమున్నవాళ్ళు ఒక చమత్కారం చేస్తారు. తుడవడానికి కాపీ చేసే ప్రోగ్రామునే వాడతారు! ఒక ఖాళీ ఫోల్డరు సృష్టించి, దానికి అచ్చంగా నకలుగా ఈ నిండు ఫోల్డరుని తయారుచెయ్యమని రోబోకాపీకి చెబుతారు. అది విధేయంగా ఆ ఖాళీతనాన్ని కాపీ చేస్తుంది. ఆ వాక్యం మొదటిసారి విన్నప్పుడు నవ్వాను. ఇప్పుడు అంత నవ్వు రాదు.

పని మొదలుపెట్టే ముందు ఫోల్డర్ల పేర్లు చూస్తూ పోతుంటే ఒక సంగతి కనబడింది. బ్యాకప్, కొత్త బ్యాకప్, ఫైనల్ బ్యాకప్, అసలు ఫైనల్ బ్యాకప్... ఇవి ఎక్కడైనా ఉండేవే. కానీ ఇక్కడ చాలావాటి మీద ఒకే నెల ఉంది. 2012 ఆగస్టు.

ఆ నెల గల్ఫులో ఐటీ పని చేసిన ఎవడూ మర్చిపోడు. నేను దోహాకి వచ్చి అప్పటికి ఏడాది. రంజాన్ చివరి రోజులు, ఈద్ సెలవలకి సగం ఆఫీసులు ఖాళీ. ఆగస్టు 15న, మనవాళ్ళు ఇక్కడ జెండా వందనం చేసుకున్న రోజే, సౌదీలో అరామ్‌కో కంపెనీ కంప్యూటర్లు వరసగా చచ్చిపోయాయి. సుమారు 30,000! ఆ వైరస్సుకి షమూన్ అని పేరు పెట్టారు. అందులో ముహూర్తం ముందే రాసిపెట్టి ఉంది, అక్కడి టైము ప్రకారం ఉదయం 11:08కి. డబ్బు దొంగిలించలేదు, బేరాలాడలేదు. ఫైళ్ళు తుడిచేసింది, ఆ తర్వాత కంప్యూటరు లేచి నిలబడ్డానికి కావలసిన డిస్కు మొదటి పుటని కూడా తుడిచేసింది. నూనె ఉత్పత్తి ఆగలేదు. కానీ కొన్నాళ్ళపాటు ఆఫీసు పని ఫ్యాక్సులతో, చేతిరాతలతో నడిచిందని తర్వాత వార్తల్లో వచ్చింది.

రెండు వారాలు తిరక్కుండా ఆగస్టు 27న మా ఖతార్ వంతు. రాస్‌గ్యాస్ కంపెనీ ఆఫీసు నెట్‌వర్కులోకి వైరస్సు దూరింది. ఈమెయిళ్ళు ఆగిపోయాయి, వెబ్‌సైటు ఆగిపోయింది. దోహాకి ఉత్తరంగా 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న రాస్ లఫ్ఫాన్‌లో గ్యాసు ద్రవీకరించడం, ఓడలకెక్కించడం మాత్రం ఆగలేదు. ఆ కంపెనీ మనకి పరాయిదేం కాదు. 1999లో కుదిరిన ఒప్పందం ప్రకారం 2004 నించి గుజరాత్‌లోని దహేజ్ రేవుకి ఓడల్లో గ్యాసు పంపింది వాళ్ళే. (2018 జనవరి 1న అది ఖతార్‌గ్యాస్‌లో కలిసిపోయింది.) వాళ్ళకి తగిలింది కూడా షమూనే అని చాలామంది నిపుణులు రాశారు. కంపెనీ వైరస్సు పేరు బయటికి చెప్పలేదు.

షమూన్ ఎలా పనిచేసిందో తర్వాత విడమరిచి రాసినవి చదివాను. రెండు విషయాలు నాకు అప్పట్నించీ బుర్రలో ఉండిపోయాయి. మొదటిది, అది మామూలుగా డిలీట్ చెయ్యదు. నార్టన్ తరహా వాళ్ళు వెనక్కి తేకుండా, ఫైలు మీద మండుతున్న అమెరికా జెండా బొమ్మలోని ముక్క రాసేస్తుంది. రెండోది, అది తుడిచే ముందు ఒక జాబితా రాసుకుంటుంది. డౌన్‌లోడు, డాక్యుమెంటు, పిక్చరు, వీడియో, మ్యూజిక్, డెస్క్‌టాపు... ఇలాంటి పేర్లున్న చోట్లన్నీ వెతికి, ఫైళ్ళ పట్టీ ఒకటి తయారుచేసుకుని, ఆ పట్టీ చూసుకుంటూ తుడుస్తుంది. మనిషి తన చేత్తో చేసుకున్నవి ఎక్కడ దాచుకుంటాడో దానికి తెలుసు. ముందు అక్కడికే వెళుతుంది.

ఆ దెబ్బకి ఊరంతా హడలిపోయింది. మా ఆఫీసులో పెన్‌డ్రైవు జేబులో పెట్టుకు తిరిగేవాణ్ణి దొంగలా చూశారు కొన్నాళ్ళు. ఈ కాంట్రాక్టు కంపెనీలో అప్పటి ఐటీ పెద్ద ఇంకో అడుగు వేశాడట. ప్రతి డిపార్టుమెంటూ మూడు నెలలకోసారి తన ఫైళ్ళన్నీ ఒక విడి హార్డుడిస్కులోకి కాపీ చేసి, తీగ పీకేసి, బీరువాలో పెట్టాలి. సర్వరు మీద కూడా ఇంకో కాపీ ఉంచుకోవాలి. ఆయన వెళ్ళిపోయినా ఆ అలవాటు కొన్నేళ్ళు నడిచింది. అంటే నేను తీసెయ్యడానికొచ్చిన ఆ కోటీ ఎనభై నాలుగు లక్షల్లో సగానికి పైగా ఆ ఆగస్టు భయం పెట్టిన పిల్లలే. ఒకడు తుడిచేస్తాడేమోనని చేసుకున్న కాపీల్ని తుడవడానికి ఇంకొకణ్ణి డబ్బిచ్చి పిలిచారు!

గురువారం సాయంత్రం స్క్రిప్టు నడిపాను. అది ముందు జాబితా రాసుకుంది, తర్వాత పని మొదలుపెట్టింది. శుక్ర, శని సెలవలు కదా, ఆదివారం పొద్దున్నకి మొదటి విడత 61 లక్షల ఫైళ్ళు పోయాయి. మేనేజరు నా భుజం తట్టాడు.

ఆ మధ్యాహ్నమే ఆఫీసులో చాయ్ ఇచ్చే పెద్దాయన నా బల్ల దగ్గర కరక్ గ్లాసు పెట్టి, వెళ్ళకుండా నిలబడ్డాడు. జగిత్యాల దగ్గరి పల్లె. నేను తెలుగువాణ్ణని మొదటి రోజే పట్టేశాడు.

"సారూ, పాత ఫైళ్ళన్ని తీసేస్తున్నరట గదా. అండ్ల నాదొక కాయిదం ఉంటది" అన్నాడు.

"ఏం కాయితం అన్నా?"

"నేను 2008ల వచ్చిన సారూ. మేస్త్రీ పని. ఐదేండ్లు గా వేరే కంపెనీ పేరు మీద చేసిన. ఆల్లు, ఈల్లు ఒక్కటే. 2013ల వీసా ఈ కంపెనీల మార్చిన్రు. పాత సర్వీసు సుత కలుస్తదని కాయిదం రాసిచ్చిన్రు. 2015ల పెద్దవాన పడ్డది గదా, రూమంత నీళ్ళే. నా దగ్గర ఉన్నది నానిపోయింది. ఆఫీసుల స్కాను చేసిపెట్టినమన్నరు. రేపు జూన్ల ఇంటికి పోత. లెక్క 2013 కెళ్ళే కడ్తమంటున్రు."

ఖతార్ కార్మిక చట్టం, అంటే 2004 నాటి 14వ చట్టం ప్రకారం, పని మానేసి వెళ్ళేటప్పుడు ఏడాదికి తక్కువలో తక్కువ మూడు వారాల మూల వేతనం గ్రాట్యుటీగా ఇవ్వాలి. ఈయన మూల వేతనం 1,200 రియాళ్ళు. ఆ ఐదేళ్ళకీ లెక్కేస్తే 4,200 రియాళ్ళు, మన రూపాయల్లో తొంభై వేల పైచిలుకు. నాకు దోహాలో మూడు వారాల ఇంటద్దె. ఆయనకి ఇంటి పైకప్పు. స్లాబు కోసమే ఎదురుచూస్తున్నానని ఆయనే చెప్పాడు.

జీతాలు బ్యాంకు ద్వారానే ఇవ్వాలనే పద్ధతి ఖతార్‌లో వచ్చింది 2015లో. అంతకుముందు చాలాచోట్ల చేతికిచ్చే నోట్లే. కాబట్టి 2008 నించి 2013 దాకా ఆయన ఇక్కడ ఎవరి కింద చెమటోడ్చాడనేదానికి ఆ కాగితం తప్ప వేరే సాక్ష్యం ఆయన చేతిలో లేదు. నేను హెచ్‌ఆర్‌లో అడిగితే అక్కడి గుమాస్తా మర్యాదగానే చెప్పాడు. ఉద్యోగి వెళ్ళాక ఫైలు ఒక ఏడాది దాచాలని చట్టం, ఆ పాత కంపెనీ సర్వీసు 2013లోనే ముగిసింది, మా బాధ్యత 2014తో సరి, అన్నాడు. అతని లెక్క ప్రకారం ఆ కాగితం అక్కర్లేనిదే.

నా జాబితా తెరిచి చూశాను. "హెచ్‌ఆర్ పాత స్కాన్లు" అని ఒక ఫోల్డరు. 38,000 బొమ్మలు. ఇమేజ్ 1, ఇమేజ్ 2 అని పేర్లు. ఏడేళ్ళుగా ఎవరూ తెరవలేదని మూడో సూత్రం కింద మొత్తం పోయింది.

ఇక్కడ ఇంకో సిగ్గుపడే సంగతి చెప్పాలి. ఆ "ఏడేళ్ళుగా తెరవలేదు" అనేది కూడా నమ్మదగ్గ మాట కాదు. ఫైలు ఆఖరిసారి ఎప్పుడు తెరిచారో రాసిపెట్టే అలవాటుని విండోస్ విస్టా కాలంలోనే మానేసింది, పని వేగంగా సాగాలని. ఆ తర్వాతి సర్వర్లలోనూ చాలా ఏళ్ళు మామూలుగా అది ఆపేసే ఉండేది. అంటే నిన్న తెరిచిన ఫైలు మీద కూడా ఎప్పటిదో తేదీ ఉండొచ్చు. ఇది నాకు తెలియని విషయం కాదు. తెలిసీ, ఎవరడుగుతారులే అనుకున్నాను. అడిగాడు, చాయ్ గ్లాసుతో వచ్చి.

రాత్రి బ్యాకప్పు ఉంటుంది కదా అంటారా? పాత సర్వరుకి ఇంకా ఎందుకు దండగ అని జనవరిలోనే ఆపేశారట. మిగిలింది బీరువా. అందులో 14 హార్డుడిస్కులు, ఆ 2012 భయం నాటివీ తర్వాతవీ. వాటిని మిషన్లో వేసి నుగ్గు చెయ్యడం నా పనుల జాబితాలో చివరి అంశం. ఇంకా చెయ్యలేదు, అదృష్టం. ఒక్కోదాన్నీ తగిలించి చూడ్డం మొదలుపెట్టాను. మూడు లేవలేదు. హెచ్‌ఆర్‌ది అని ఉన్నది లేచింది గానీ మధ్యమధ్య మొరాయిస్తోంది. దాన్ని కాపీకి పెట్టి శుక్రవారం ఇంట్లో కూర్చుంటే కాలు నిలవలేదు. మావాణ్ణి తీసుకుని నేషనల్ లైబ్రరీకి పోయాను.

ఎడ్యుకేషన్ సిటీలో ఉన్న ఈ లైబ్రరీ 2017 నవంబరులో జనానికి తెరిచారు. లోపల నడుమ నేలలోకి తవ్వినట్టుండే చోట పాత పుస్తకాలు, పటాలు ఉంటాయి. వీళ్ళూ, ఖతార్ ఫౌండేషనూ, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ కలిసి 2014లో ఖతార్ డిజిటల్ లైబ్రరీ అని ఒకటి అంతర్జాలంలో పెట్టారు. మీరు ఎక్కడున్నా ఉచితంగా చూడొచ్చు. చూస్తే ఆశ్చర్యమేస్తుంది, ఖతార్ చరిత్రలో పెద్ద భాగం మన దేశపు ఆఫీసు ఫైళ్ళు! ఈ సముద్రం చుట్టుపక్కల తెల్లవాళ్ళ పెత్తనమంతా 1947 దాకా నడిచింది బ్రిటిష్ ఇండియా తరఫునే. 1868లో మొహమ్మద్ బిన్ థానీతో పెల్లీ దొర చేసుకున్న ఒప్పందం, 1916లో షేక్ అబ్దుల్లాతో కాక్స్ దొర రాయించుకున్న సంధి, లోరిమర్ తయారుచేసిన గెజిటీరు, అన్నీ ఆ దఫ్తరాల్లోవే. ఇక్కడ 1966 దాకా చెల్లింది కూడా రూపాయే.

ఆ గుమాస్తాలు ఎవరు, ఏమనుకుని దాచారు? ఏ పడవ ఎవరిది, ఎవడు ఎవడికి బాకీ, ఏ ఊళ్ళో ఎన్ని ఇళ్ళు... రాసిన ఏడాది తర్వాత ఎవరికీ అక్కర్లేని కాగితాలు. వందేళ్ళకి ఒక దేశం తన తాతల్ని వాటిలో వెతుక్కుంటోంది.

అలాగని ఆ దఫ్తరం అన్నీ భద్రంగా దాచిందనుకోకండి. 1858లో కంపెనీ పోయి ఇండియా ఆఫీసు వచ్చాక, ఆ 1860 ప్రాంతాల్లో టన్నుల కొద్దీ కాగితాలు పనికిరానివని చిత్తుకాగితాల కింద అమ్మేశారు. 1947లో వెళ్ళిపోయే ముందు కార్ఫీల్డ్ దొర సంస్థానాధీశుల గుట్టుమట్లున్న ఫైళ్ళని తగలబెట్టించాడు. నెహ్రూ అభ్యంతరం చెప్పినా చాలావరకూ కాలిపోయాయి. మొదటివి చోటు చాలక పోయాయి, రెండోవి ఎవరి చేతా పడకూడదని పోయాయి. నా స్క్రిప్టు మొదటి రకం, షమూన్ బహుశా రెండో దానికి చుట్టం. కాగితం తాలూకు మనిషికి మాత్రం రెండూ ఒకటే.

మన తాటాకుల సంగతీ ఇంతే కదా. తాటాకు కలకాలం ఉండదు. పురుగు కొట్టేలోపు ఎవరో కూర్చుని ఇంకో ఆకుల మీదికి ఎత్తి రాయాలి. రాస్తే బతికినట్టు, రాయకపోతే పోయినట్టు, ప్రత్యేకం ఎవరూ తగలబెట్టక్కర్లేదు. బ్రౌన్ దొర కడపలో సొంత డబ్బుతో పండితుల్ని పెట్టి చేయించింది ఈ ఎత్తిరాత పనే. 1830ల్లో సెలవు మీద లండన్ వెళ్ళినప్పుడు కంపెనీ గ్రంథాలయంలో దక్షిణాది భాషల రాతప్రతులు పడుండడం చూసి, పట్టుబట్టి మద్రాసుకి వెనక్కి పంపించాడు. ఇప్పుడవి చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి.

మన కాలపు తాటాకులు ఇంకా తొందరగా పోతున్నాయి. యాహూ గ్రూపుల్లో రచ్చబండ ఉండేది గుర్తుందా? ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేసుకుంటూ పద్యాల మీద అర్ధరాత్రిళ్ళు కొట్టుకున్న రోజులు. 2019 అక్టోబరులో యాహూ వాళ్ళు ఒక ప్రకటన చేశారు, కొన్ని నెలల్లో గ్రూపుల్లోని పాత రాతలన్నీ తీసేశారు. వాళ్ళ లెక్కలో అవి తెరవని ఫైళ్ళు. మూడో సూత్రం!

శనివారం సాయంత్రానికి డిస్కు నించి రాగలిగినన్ని వచ్చాయి. బొమ్మల్లో అక్షరాలు వెతికే దారి లేదు, అన్నీ వంకర స్కాన్లు. 2013లో వీసాలు మార్చిన నెలలవరకూ విడదీస్తే 900 మిగిలాయి. పెద్దాయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటే తిప్పాను. ఎవరెవరివో పాస్‌పోర్టులు, వైద్య పరీక్షల చీటీలు, జీతం పుచ్చుకున్నట్టు వేలిముద్రలు. "ఈయన మాదే సారూ, కోరుట్ల, సచ్చిపోయిండు" అన్నాడొకచోట. ఇంకోచోట ఒక కుర్రాడి ఫోటో చూసి చాలాసేపు మాట్లాడలేదు. నేను లక్షల్లో లెక్కపెట్టినవాటికి ఆయన దగ్గర పేర్లున్నాయి.

అయిదు వందలు దాటాక, "అదే సారూ! గా నీలి ముద్ర!" అని కుర్చీలోంచి లేచాడు.

కాగితం ముద్రించి, సంతకమైన తారీకు కనబడేలా హెచ్‌ఆర్‌కి ఇచ్చాం. నాలుగు వారాలు తిప్పించారు గానీ ఐదేళ్ళూ కలిపారు. జూన్‌లో ఆయన ఇంటికెళ్ళిపోయాడు.

నేను మేనేజరు దగ్గరికెళ్ళి, ఏదీ కాపీ లేకుండా తీసేసిన తప్పు నాదేనని చెప్పాను. మూడో సూత్రం కొట్టేశాను. మనుషుల పేర్లూ, జీతాలూ, సంతకాలూ ఉన్నదేదైనా తీసే ముందు ఆ డిపార్టుమెంటులో ఒక మనిషి జాబితా చదివి సంతకం పెట్టాలన్నాను. హెచ్‌ఆర్ డిస్కులోంచి వచ్చినవన్నీ సర్వరు మీదికి తిరిగి ఎక్కించాను. క్లౌడు అద్దె అనుకున్నదానికన్నా కాస్త ఎక్కువే అయింది. ఆ కంపెనీ మళ్ళీ నన్ను పిలవలేదు. మిగతా డిస్కులు ఏమయ్యాయో అడిగే హక్కు నాకు లేదు.

ఇన్నేళ్ళుగా డేటా పోకుండా కాపాడ్డం సాంకేతిక విషయమనుకున్నాను. ఆ బీరువాలో డిస్కు పెట్టినవాడు తనకి తెలియకుండా ఒక ఇంటికి పైకప్పు వేశాడు. న్యాయమనుకుని సూత్రం రాసిన నేను అది పీకేయబోయాను. ఎవరికి అక్కర్లేదు అని అడక్కుండా, అక్కర్లేనివి అంటే ఏవి అని మాత్రమే అడిగాను ఆ మొదటి మీటింగులో. తేడా అక్కడ వచ్చింది.

పెద్దాయన ఇప్పటికీ రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో పూల బొమ్మ మీద శుభోదయం పంపుతాడు. ఒకే బొమ్మ నాలుగైదుసార్లు వచ్చినవీ ఉన్నాయి. మొన్న ఫోను ఖాళీ లేదంది, డూప్లికేటు ఫోటోలు తీసెయ్యమంటారా అని అడిగింది. "తర్వాత" అని నొక్కాను.